తువ్వాలు కాదు... తూకం మారాలి!

ఒక తువ్వాలు. స్నానం చేశాక ఒళ్లు తుడుచుకునే మామూలు తువ్వాలు. దాన్ని ఇవ్వడం మానేశారని ఓ పేరుమోసిన సాఫ్ట్‌వేర్ సంస్థలో ఉద్యోగులు రెండేళ్లపాటు సణుక్కున్నారంటే వింతగానే ఉంటుంది. కానీ జరిగింది అదే!

అమెరికాలో సియాటెల్ నగరానికి దగ్గర్లో రెడ్మండ్ అనే ఊరుంది. మైక్రోసాఫ్ట్ ప్రధాన కార్యాలయం అక్కడే. సైకిల్ తొక్కుకుంటూ ఆఫీసుకు వచ్చేవాళ్లు, మధ్యలో కాసేపు పరుగుకు వెళ్లొచ్చేవాళ్లు స్నానం చేయడానికి గదులుండేవి. ఉతికిన తువ్వాళ్లు కంపెనీయే ఇచ్చేది. 2004లో ఖర్చులు తగ్గించాలంటూ వాటిని ఎత్తేశారు. అదే ఏడాది వాటాదారులకు ప్రత్యేక డివిడెండు కింద పంచిన సొమ్ము దాదాపు 3200 కోట్ల డాలర్లు! అంత డబ్బున్న కంపెనీకి తువ్వాలు బరువైందా అని ఉద్యోగులకు ఒళ్లు మండింది. చివరికి 2006లో మానవ వనరుల విభాగం అధిపతి లీసా బ్రమెల్ తువ్వాళ్లను మళ్లీ తెప్పించారు. అందరూ సంతోషించారు.

అయితే... వాళ్ల అసలు బాధ తువ్వాలు కాదు, తూకం. ఏడాదికోసారి తమను తూచే తీరు. అది పూర్తిగా మారడానికి మరో ఏడేళ్లు పట్టింది. తువ్వాలుకీ తూకానికీ ఉన్న ఈ తేడా అర్థమైతే చాలు... సాఫ్ట్‌వేర్ కొలువుల్లో ఉన్న కొడుకులూ కూతుళ్లూ ఆఫీసు గురించి ఎందుకలా మాట్లాడతారో సగం అర్థమైనట్టే.

ఇంకేం కావాలిరా?

ఆదివారం మధ్యాహ్నం. భోజనాల దగ్గర కొడుకు 'ఈ ఉద్యోగం మానేద్దామనుకుంటున్నా నాన్నా' అంటాడు. తండ్రి చేతిలోని ముద్ద అక్కడే ఆగిపోతుంది. 'ఏసీ గది, ఇంటి ముందుకు క్యాబు, ఆఫీసులోనే భోజనం, ఆడుకోవడానికి క్యారమ్ బోర్డు కూడానాయె. ఇంకేం కావాలిరా?' అంటుంది తల్లి. కొడుకు దగ్గర జవాబుంటుంది. కానీ ఎలా చెప్పాలో తెలియదు. 'మీకు చెప్పినా అర్థం కాదులే అమ్మా' అని పెరుగన్నంలోకి వెళ్లిపోతాడు. చాలా ఇళ్లలో ఇదే సన్నివేశం.

బ్యాంకులోనో, ఆర్టీసీలోనో, బడిలోనో చేరి, అక్కడే ముప్ఫై ఏళ్లు పనిచేసి, పూలదండతో, శాలువాతో ఇంటికొచ్చిన తరం ఆ తండ్రిది. ఉద్యోగమంటే నీడనిచ్చే చెట్టు. చెట్టు మంచిదా కాదా అని ఎవరూ అడగరు, నీడ ఉందా లేదా అన్నదే లెక్క. కొడుకు తరం వేరు. 1981 నుంచి 1996 మధ్య పుట్టినవాళ్లను 'మిలీనియల్స్' అంటోంది అమెరికాకు చెందిన ప్యూ పరిశోధన సంస్థ. వీళ్లు కొలువుల్లో చేరేనాటికి ఒకే కంపెనీలో పదవీ విరమణ అన్న మాట కథల్లోకి వెళ్లిపోయింది. డెలాయిట్ సంస్థ 2016లో 29 దేశాల్లోని మిలీనియల్స్‌ను అడిగితే, అవకాశమొస్తే రెండేళ్లలో ఉన్న సంస్థను వదిలేస్తామన్నవాళ్లు 44 శాతం. నూటికి నలభైనాలుగు మంది!

దీన్ని చూసి పెద్దలు నిలకడలేని తరం అనేశారు. కానీ వాళ్లు దేన్ని చూసి వెళ్లిపోతున్నారన్న ప్రశ్న వేసుకున్న సంస్థలు కొన్నే. ఆలస్యంగానైనా వేసుకున్న సంస్థల్లో మైక్రోసాఫ్ట్ ఒకటి. తెలుగువాళ్లకు అదేం పరాయి కంపెనీ కాదు. 1998లోనే హైదరాబాద్‌లో అభివృద్ధి కేంద్రం తెరిచింది. 2014 ఫిబ్రవరి 4 నుంచి దాని సీఈవో మన బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ల.

పదిమందిలో ఒకరు పనికిరానట్టే!

పాత తూకం ఎలా ఉండేదంటే... ఒక జట్టులో పదిమంది ఉన్నారనుకుందాం. పదిమందీ ప్రాణం పెట్టి పనిచేశారు. అనుకున్న రోజుకి సాఫ్ట్‌వేర్ బయటికొచ్చింది. అయినా ఏడాది చివర మేనేజరు వాళ్లలో ఇద్దరిని 'అద్భుతం' అనాలి. ఏడుగురిని 'ఫర్వాలేదు' అనాలి. ఒకరిని 'బాగాలేదు' అని తీరాలి. పరీక్షలో అందరికీ 90 మార్కులొచ్చినా ఒకరిని ఫెయిల్ చేయాల్సిందే అన్నట్టు! దీనికే స్టాక్ ర్యాంకింగ్ అని పేరు. మన ఐటీ ఉద్యోగులు 'బెల్ కర్వ్' అనేది ఇలాంటి దాన్నే. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో జాక్ వెల్చ్ హయాంలో దీనికి బాగా పేరొచ్చింది. పైన 20 శాతానికి బహుమతులు, కింద 10 శాతానికి ఇంటి దారి. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు ఎన్నో కంపెనీలు అదే దారి పట్టాయి.

మైక్రోసాఫ్ట్‌లో దీని ఫలితం ఏమిటన్నది 2012లో 'వానిటీ ఫెయిర్' పత్రికలో కర్ట్ ఐకెన్‌వాల్డ్ రాసిన కథనంతో లోకానికి తెలిసింది. తాను మాట్లాడిన ఉద్యోగులందరూ సంస్థను ఎక్కువగా దెబ్బతీసింది ఈ విధానమేనని చెప్పారని ఆయన రాశారు. కారణం తేలికే. మంచి ప్రోగ్రామరు మరో మంచి ప్రోగ్రామరు ఉన్న జట్టులోకి వెళ్లడు. వెళ్తే తన ర్యాంకు పడిపోతుంది! పక్కవాడికి సాయం చేస్తే వాడు పైకెళ్తాడు, తాను కిందికి జారతాడు. అలాంటప్పుడు పోటీ బయటి కంపెనీతో ఉండదు. పక్క కుర్చీతో ఉంటుంది. ప్రపంచమంతా ఫోన్లలోకీ ఇంటర్నెట్‌లోకీ పరుగులు పెడుతున్న రోజుల్లో ఆ సంస్థ వెనకబడటానికి ఉన్న కారణాల్లో ఇదొకటని ఆ కథనం సారాంశం.

అప్పటికి మిలీనియల్స్‌లో పెద్దవాళ్లకు ముప్ఫై దాటాయి. ఎంసెట్ ర్యాంకు, క్యాంపస్ ఇంటర్వ్యూ, ఆ పైన ఉద్యోగంలో ర్యాంకు... చిన్నప్పటి నుంచీ తూకంలోనే పెరిగిన తరం అది. కష్టపడటానికి వాళ్లకు అభ్యంతరం లేదు. ఎంత కష్టపడినా ఫలితం ముందే రాసిపెట్టి ఉందంటేనే మనసు విరిగిపోతుంది. తల్లికి అర్థమయ్యేలా కొడుకు చెప్పలేకపోయిన మాట ఇదే.

2013 నవంబరులో మైక్రోసాఫ్ట్ స్టాక్ ర్యాంకింగ్‌ను రద్దు చేసింది. ఉద్యోగులకు ఆ కబురు చెప్పింది కూడా లీసా బ్రమెల్ గారే. కోటాలు పోయాయి. ఏడాదికోసారి తీర్పు చెప్పే బదులు మేనేజరూ ఉద్యోగీ మధ్యమధ్యలో కూర్చుని మాట్లాడుకునే పద్ధతి వచ్చింది. అడిగే ప్రశ్నలూ మారాయి. నువ్వేం చేశావు? ఇతరుల విజయానికి ఎలా తోడ్పడ్డావు? ఇతరులు చేసినదాన్ని ఆసరాగా తీసుకుని ఏం సాధించావు? చూడటానికి చిన్న ప్రశ్నలే. కానీ పక్క కుర్చీ శత్రువు కాదని వాటి అర్థం.

ఏడ్చే పాపాయి... ఏంచేస్తావ్?

కాగితం మీద నియమం మార్చడం ఒక ఎత్తు. మనుషుల తీరు మారడం మరో ఎత్తు. నాదెళ్ల తన 'హిట్ రిఫ్రెష్' పుస్తకంలో ఓ సంగతి చెప్పుకొన్నారు. 1992లో మైక్రోసాఫ్ట్‌లో ఇంటర్వ్యూ. లెక్కలూ ప్రోగ్రాములూ అయ్యాక చివర్లో ఒకాయన అడిగారు. వీధిలో ఓ పసిపాప పడి ఏడుస్తోంది, ఏంచేస్తావని. కుర్ర ఇంజినీరు ఠక్కున అత్యవసర నంబరుకి ఫోన్ చేస్తానన్నారు. ఇంటర్వ్యూ చేసినాయన లేచి, 'నీకు కాస్త సహానుభూతి కావాలి, ముందు ఆ పాపని ఎత్తుకోవాలి' అన్న అర్థం వచ్చేలా చెప్పి సాగనంపారట. ఇక ఉద్యోగం రాదనే అనుకున్నారు. వచ్చింది! నాలుగేళ్ల తర్వాత, 1996లో, సెరిబ్రల్ పాల్సీతో పుట్టిన కొడుకు జైన్‌ను పెంచుతూ ఆ ప్రశ్నకు జవాబు నేర్చుకున్నానని ఆయన చెబుతారు. ఆ అబ్బాయి 2022లో కన్నుమూశాడు.

సీఈవో అయ్యాక ఆయన తన పై వరుస అధికారులకు మార్షల్ రోజెన్‌బర్గ్ రాసిన పుస్తకం ఒకటి చదవమని ఇచ్చారు. నొప్పించకుండా మాట్లాడటం, వినడం ఎలాగో చెప్పే పుస్తకమది. వ్యాపార వ్యూహాల గురించి కాదు!

అలాగని ఆయన తడబడలేదా అంటే... తడబడ్డారు. 2014 అక్టోబరులో మహిళా కంప్యూటర్ నిపుణుల సభ గ్రేస్ హాపర్ వేడుకలో, జీతం పెంచమని అడగడానికి మొహమాటపడే ఆడవాళ్లకు సలహా ఏమిటని అడిగారు. అడగనక్కర్లేదు, వ్యవస్థను నమ్ముకుంటే అదే ఇస్తుందన్నట్టు చెప్పారాయన. వేదిక మీదే, అప్పట్లో మైక్రోసాఫ్ట్ డైరెక్టర్ల బోర్డులో ఉన్న మరియా క్లావే కాదని చెప్పేశారు. బయట దుమారం రేగింది. ఆ రోజే నాదెళ్ల ఉద్యోగులందరికీ ఉత్తరం రాశారు. నా జవాబు పూర్తిగా తప్పు, జీతం పెంచాలనిపిస్తే అడగండి అని. పైవాడు తప్పు ఒప్పుకోవడం మన ఆఫీసుల్లో ఎంత అరుదో తెలిసినవాళ్లకు ఆ ఉత్తరం విలువ తెలుస్తుంది.

తప్పు జరిగితే...

ఈ తరం ఆఫీసును అంచనా వేసేది మంచిరోజున కాదు, చెడ్డరోజున. 2016 మార్చిలో మైక్రోసాఫ్ట్ 'టే' అనే మాటల యంత్రాన్ని ట్విటర్‌లోకి వదిలింది. 18 నుంచి 24 ఏళ్ల కుర్రకారుతో కబుర్లాడాలన్నది ఉద్దేశం. ఆకతాయిలు దానికి లేనిపోని బూతులూ విద్వేషాలూ నేర్పారు. ఒక్కరోజు గడవకముందే దాన్ని మూసేయాల్సి వచ్చింది. ప్రపంచమంతా నవ్వింది. అలాంటప్పుడు ఏ ఆఫీసులోనైనా మొదటి ప్రశ్న ఒకటే... బాధ్యులెవరు? నాదెళ్ల మాత్రం ఆ జట్టుకు రాసిన లేఖలో, ఈ విమర్శల నుంచి నేర్చుకోండి, ఆగిపోకండి, మీతో నేనున్నానని చెప్పారు.

ఒక సంస్థలో కుర్రాడు సాహసం చేస్తాడా, తల దించుకుని చెప్పిన పని చేసి ఇంటికెళ్తాడా అన్నది ఇలాంటి రోజున తేలుతుంది. సంస్థలో ఏటా జరిగే హ్యాకథాన్ సంగతే చూడండి. రోజువారీ పని పక్కనపెట్టి తమకు నచ్చిన ఆలోచన మీద పనిచేసుకోవచ్చు. అలా 2015 హ్యాకథాన్‌లో ఊపిరి పోసుకున్నదే చేతులు సరిగా కదపలేని పిల్లలు సైతం వీడియోగేమ్‌లు ఆడుకునే పరికరం. 2018లో 'ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్' పేరుతో మార్కెట్లోకి వచ్చింది. తప్పు చేస్తే తల తీసేస్తారన్న చోట ఇలాంటివి పుట్టవు.

అడిగే తరం

నాన్నల తరానికి తాము చేసే పని ఎందుకన్న ప్రశ్న పెద్దగా రాలేదు. ఫైలు వచ్చింది, సంతకం పెట్టారు, పంపారు. ఈ తరం అలా ఊరుకోదు. 2019 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ ఉద్యోగులు కొందరు యాజమాన్యానికి బహిరంగ లేఖ రాశారు. కళ్లకు పెట్టుకునే హోలోలెన్స్ సాంకేతికతను అమెరికా సైన్యానికి ఇచ్చేందుకు కుదిరిన దాదాపు 48 కోట్ల డాలర్ల ఒప్పందాన్ని వదులుకోవాలని. ఆయుధాలు చేయడానికి మేమీ కొలువులో చేరలేదన్నది వాళ్ల మాట. ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వాలకు సాంకేతికత ఇవ్వననడం సరికాదన్నది నాదెళ్ల జవాబు. ఒప్పందం ఆగలేదు. ఎవరిది ఒప్పన్నది పక్కన పెడితే, ఓ ఉద్యోగి తన సీఈవోకి ఇలాంటి ఉత్తరం రాయొచ్చని అనుకోవడమే కొత్త.

పనిగంటల విషయంలోనూ అంతే. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నప్పుడు మన ఇళ్లలో ఎంత వాదన జరిగిందో గుర్తుండే ఉంటుంది. పెద్దలు ఔనన్నారు, పిల్లలు భగ్గుమన్నారు. పిల్లల వాదన బద్ధకం కాదనడానికి ఓ ఉదాహరణ ఉంది. 2019 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ జపాన్ విభాగం దాదాపు 2300 మంది ఉద్యోగులకు ఐదు శుక్రవారాలు జీతంతో సెలవిచ్చి చూసింది. మీటింగులు అరగంట దాటకూడదని నియమం పెట్టింది. అంతకుముందు ఏడాది ఆగస్టుతో పోలిస్తే ఒక్కో ఉద్యోగిపై అమ్మకాలు దాదాపు 40 శాతం పెరిగాయి. కరెంటు వాడకం 23 శాతం తగ్గింది. ఒక నెల ప్రయోగంతో అంతా తేలిపోదు. కానీ కూర్చున్న గంటలన్నీ పనిగంటలు కావని మాత్రం తేలింది.

కరోనా వచ్చాక ఇంటి నుంచే పని మొదలైంది. అక్కడా నమ్మకం దగ్గరే పేచీ. 2022లో మైక్రోసాఫ్ట్ 11 దేశాల్లో 20 వేలమందిని అడిగి ఓ నివేదిక ఇచ్చింది. 'మేం బాగా పనిచేస్తున్నాం' అన్న ఉద్యోగులు 87 శాతం. 'మావాళ్లు బాగానే పనిచేస్తున్నారని పూర్తి నమ్మకం ఉంది' అన్న పై అధికారులు 12 శాతం! ఒకే ఇంట్లో భార్యాభర్తలు చెప్పే ఖర్చుల లెక్కల్లాగా. అలా నివేదిక ఇచ్చిన సంస్థే 2025 సెప్టెంబరులో రెడ్మండ్ చుట్టుపక్కల 50 మైళ్లలో ఉంటున్నవాళ్లు 2026 ఫిబ్రవరి చివరికల్లా వారానికి మూడురోజులు ఆఫీసుకు రావాల్సిందేనని ప్రకటించింది.

నాణేనికి మరోవైపు

ఇంతవరకూ చదివి ఆహా అనుకుంటే పొరపాటే. సహానుభూతి మాట చెప్పిన ఈ సంస్థే 2023 జనవరిలో 10 వేలమందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. అదే ఏడాది మేలో జీతం మీద పనిచేసే పూర్తిస్థాయి ఉద్యోగులకు ఆ ఏడు పెంపు లేదంది. 2025 జనవరిలో పనితీరు పేరుతో కొందరిని పంపించింది. మేలో దాదాపు 6 వేలమంది, జులైలో దాదాపు 9 వేలమంది. ఆ జులై ఆఖరి రోజునే సంస్థ మార్కెట్ విలువ 4 లక్షల కోట్ల డాలర్లను తాకింది! లాభాలు ఆకాశంలో, ఉద్యోగాలు గాల్లో. ఈ కోతలు తన మనసుకు భారంగా ఉన్నాయని నాదెళ్ల ఉద్యోగులకు లేఖ రాశారు. రాసిన చేయి నిజంగానే బరువెక్కి ఉండొచ్చు. కానీ ఆ నెల ఇంటి వాయిదా కట్టాల్సిన ఉద్యోగికి ఆ లేఖ తువ్వాలుతో సమానం. కన్నీళ్లు తుడుచుకోవడానికి పనికొస్తుంది, అంతే.

అంటే, ఆ మార్పంతా నాటకమా? కాదు. పక్కవాడిని తొక్కితేనే పైకెళ్తామన్న నియమం పోవడం నిజం. ఆ పదేళ్లలో వేలమంది కాస్త ఊపిరి తీసుకుని పనిచేయడం నిజం. కాకపోతే పని సంస్కృతి అనేది ఒకసారి కట్టి వదిలేసే భవనం కాదు. రోజూ ఊడ్చుకోవాల్సిన వాకిలి. నిన్న ఊడ్చామని ఇవాళ వదిలేస్తే ఇవాళ్టి చెత్త అలాగే ఉంటుంది. మిలీనియల్స్ ఒక కంపెనీని ఆకాశానికెత్తి, ఆ మర్నాడే మరో కంపెనీకి దరఖాస్తు పెట్టడం వెనక ఉన్నది నిలకడలేమి కాదు. 'నన్ను నువ్వు ఎన్నాళ్లు ఉంచుకుంటావో తెలియనప్పుడు, నేనెన్నాళ్లుంటానో ఎందుకు మాటివ్వాలి?' అన్న లెక్క. మనకు చేదుగా అనిపించినా అది తప్పుడు లెక్కేం కాదు.

ఏమని అడగాలి?

మరి ఇంట్లో పెద్దలు చేయగలిగిందేమిటి? పెద్దగా ఏంలేదు, ప్రశ్న మార్చడమే. కొత్త కొలువు వచ్చిందనగానే నోటికొచ్చే మొదటి ప్రశ్న 'ప్యాకేజీ ఎంత?' రెండోది 'అమెరికా ఛాన్సుందా?' ఆ తర్వాత క్యాబు, క్యాంటీను. అన్నీ తువ్వాలు ప్రశ్నలే. 'మీ మేనేజరు ఎలాంటివాడు? తప్పు చేస్తే ఏమంటాడు? నువ్వు చెప్పేది వింటాడా?' అని అడిగి చూడండి. ఉద్యోగుల్లో ఉత్సాహం ఎక్కువా తక్కువా అన్న తేడాల్లో కనీసం 70 శాతానికి కారణం మేనేజరేనని గాలప్ సంస్థ 2015లో లెక్కగట్టింది. అంటే పిల్లలు సంతోషంగా ఉన్నారో లేదో తెలియాలంటే జీతం చీటీ కంటే ఆ మేనేజరు గురించి అడగడమే మేలు. 'మీకు చెప్పినా అర్థం కాదులే' అనే కొడుకు, ఆ ప్రశ్న వింటే మజ్జిగ తాగి లేచిపోడు. ఇంకాసేపు కూర్చుంటాడు.

ఇంకో మాట కూడా ఉంది. మిలీనియల్స్ ఇప్పుడు పిల్లలు కారు. వాళ్లలో పెద్దవాళ్లకు నలభై దాటాయి. జుట్టు నెరుస్తోంది. జట్లను నడిపిస్తోంది వాళ్లే. 1997 తర్వాత పుట్టినవాళ్లు వాళ్ల కింద చేరుతున్నారు. నిన్నటిదాకా తక్కెడలో కూర్చున్నవాళ్ల చేతికే ఇవాళ తక్కెడ వచ్చింది. తమకు జరిగిన అన్యాయాన్ని గుర్తుపెట్టుకుని మరొకరికి జరగకుండా చూస్తారా, లేక అత్తగారిని తిట్టుకుంటూనే అత్తయిన కోడలిలా మారిపోతారా అన్నది వాళ్లే తేల్చుకోవాలి.

అందుకే, వచ్చే ఆదివారం మేనేజరు కొడుకో కూతురో ఫోన్ చేసినప్పుడు, 'తిన్నావా' అని అడిగాక ఇదొక్కటీ అడగండి.

'నీ కింద పనిచేసే పిల్లలు ఇంటికెళ్లి నీ గురించి ఏం చెబుతున్నార్రా?'